పదకొండో నంబరు

నాంపల్లి స్టేషను రోడ్డు మీద రాజనర్సు బైండింగు దుకాణానికి పైన ఒక గది ఉండేది. నాలుగు బెంచీలు, ఒక బల్ల, బల్ల మీద దిండంత లావు పుస్తకం, పక్కన తాళం వేసిన చెక్కపెట్టె. సామానంతా అంతే. పుస్తకం అట్ట మీద 'చర్చా పుస్తకం' అని అందంగా రాసి ఉండేది గానీ, ఆ పేరుతో పిలిచిన పాపాన ఎవరూ పోలేదు. ఊరంతా దాన్ని 'లొల్లి బుక్కు' అనేది. లోపల ఉన్నది గోలే కాబట్టి ఆ పేరే నిలిచింది.

దాన్ని పెట్టినవాడు శ్రీపతి. ఆబిడ్స్‌లో ఒక మందుల కంపెనీలో గుమాస్తా. తాతల నాటి నుంచీ హైదరాబాదీ. మనిషికి ఒకటే పిచ్చి. నలుగురూ ఒకచోట చేరి వాదించుకోవాలి, కానీ కొట్టుకోకూడదు. ఆ రోజుల్లో ఇరానీ హోటళ్ళలో 'ఇక్కడ రాజకీయాలు మాట్లాడరాదు' అని బోర్డు వేలాడేది. అది చూసినప్పుడల్లా శ్రీపతికి ఒళ్ళు మండేది. చాయ్ తాగేచోట మాట్లాడొద్దంటే మనిషి ఇంకెక్కడ మాట్లాడాలి? ఆఫీసరు ముందరా, పెళ్ళాం ముందరా? అందుకే 1963లో రాజనర్సును బతిమాలి ఆ గది సంపాదించాడు.

పద్ధతి కూడా తనే ఆలోచించాడు. వచ్చినవాళ్ళకి శ్రీపతి ఒక నంబరిచ్చి, దాని ఎదురుగా పేరు తన జేబు డైరీలో రాసుకుంటాడు. చెప్పదలచుకున్నది చీటీ మీద రాసి, కింద పేరు బదులు నంబరు వేసి, పెట్టెలో పడేయాలి. ఆఫీసు నుంచి వచ్చాక శ్రీపతి పెట్టె తీసి, చీటీలన్నీ తన చేత్తో పుస్తకంలోకి ఎక్కించి, ఆ చీటీలను కింద దుకాణంలో బంక కాచే పొయ్యిలో వేసేస్తాడు. పుస్తకం నిండా ఒకే చేతిరాత. రాసింది పెద్ద ఆఫీసరో స్టేషను కూలీయో ఎవరు పోల్చగలరు? "గీడ మాటకే ఇజ్జత్, మనిషిని జూసి గాదు" అనేవాడు శ్రీపతి గర్వంగా. ఎవరి నంబరూ ఎవరికీ చెప్పనని అందరి ముందూ మాట కూడా ఇచ్చాడు.

జనాన్ని రప్పించడానికి ఆయన పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. 'హోటల్లో మాట్లాడొద్దన్నది మా దగ్గర రాయండి' అని చేత్తో వందల కాగితాలు రాశాడు. స్టేషను ముందు గోడలకి అంటించాడు. గౌలిగూడ బస్సుల్లో సీట్ల మీద పెట్టాడు. ఆదివారం పూట ఆబిడ్స్ పేవ్‌మెంటు మీద పాత పుస్తకాలు అమ్మేవాళ్ళ కాళ్ళావేళ్ళా పడి, పుస్తకానికొకటి చొప్పున దూర్చాడు. జనం వచ్చారు, చూశారు, బాగుందన్నారు, పోయారు. రాసినవాడు లేడు. రెండు నెలల్లో తొమ్మిది చీటీలు పడ్డాయి. అందులో నాలుగు బెంచీల్లో నల్లులున్నాయని.

ఇదిగో, ఇక్కడే శ్రీపతి తప్పు చేశాడు. తప్పని అప్పుడు అనుకోలేదు, ఉపాయం అనుకున్నాడు. సంతోషంగా ఉన్నవాడు కలం పట్టడు, కోపమొచ్చినవాడు పడతాడు. కాబట్టి కోపం తెప్పించేవాడు ఒకడు కావాలి. లేకపోతే పుట్టించాలి. డైరీలో పదకొండో నంబరు ఎవరికీ ఇవ్వకుండా మిగిలిపోయింది. ఒకరోజు గదిలో ఎవరూ లేనప్పుడు, కోస్తా నుంచి వచ్చిన ఆంధ్రుడెవరో రాసినట్టుగా, ఈ ఊళ్ళో పప్పుకి పోపు పెట్టడం కూడా ఎవరికీ రాదని నాలుగు ముక్కలు రాసి, కింద పదకొండు వేశాడు.

మర్నాటికి పెట్టె నిండిపోయింది.

అప్పటిదాకా పైకే రాని రాజనర్సు చేతుల బంక తుడుచుకుంటూ మెట్లెక్కి వచ్చి, తన జన్మలో మొదటి చీటీ రాశాడు. 'నీకు పప్పు నచ్చకుంటే తినకు, నీ చెయ్యి పట్టుకొని ఎవడు తినమన్నడు?' అది చదివి గదంతా పగలబడి నవ్వింది. రాష్ట్రం ఒకటై అప్పటికి ఏడేళ్ళు. అటునుంచి వచ్చినవాళ్ళూ ఇక్కడివాళ్ళూ ఆఫీసుల్లో పక్కపక్కనే కూర్చుని, పళ్ళబిగువున దాచుకున్న మాటలెన్నో ఆ పెట్టెలోకి వచ్చి పడ్డాయి. పదకొండు రెచ్చగొట్టేవాడు, మిగతావాళ్ళు ఉతికి ఆరేసేవాళ్ళు. అటువాళ్ళలోనే కొందరు 'పదకొండుగారూ, మా పరువు తీయకండి' అని రాసేవాళ్ళు. ఆరేళ్ళలో మూడువందల నంబర్లు దాటాయి, పుస్తకాలు పద్నాలుగు నిండాయి. హిమాయత్‌నగర్ నుంచి కూడా పనిగట్టుకుని వచ్చేవాళ్ళు. పదకొండు లేకపోతే లొల్లి బుక్కే లేదు.

బాగానే ఉంది. మరి పదకొండుకి భాష ఎక్కడిది? శ్రీపతి కృష్ణ దాటి ఎరగడు. ఆయన దగ్గరగా ఎరిగిన కోస్తా మనిషి ఒక్కడే, రాధాకృష్ణమూర్తి. యాభై ఏడులో రేపల్లె నుంచి వచ్చి, ఆబిడ్స్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో టైపు నేర్పేవాడు. పెళ్ళి చేసుకోలేదు. దుకాణం వెనకాలే, రాజనర్సు ఇంట్లో ఒక గదిలో కిరాయికి ఉండేవాడు. నోట్లో నాలుక లేని మనిషి. రోజూ సాయంత్రం పైకి వచ్చి, చెప్పులు గుమ్మం బయట విడిచి, ఆనాటి పేజీలు మొదటినుంచీ చివరిదాకా చదివి, ఎప్పుడో ఒక చీటీ వేసి వెళ్ళేవాడు. ఆయన నంబరు ఇరవైమూడు.

వేసవిలో పంపు దగ్గర బిందె పట్టుకుని నిలబడి, "మా వైపైతేనా, కాలవ గుమ్మం ముందే పారేదండీ" అనేవాడు మూర్తి. అంతకుమించి గొప్పలు పోవడం ఆయనకి చేతకాదు. శ్రీపతి ఆ 'మా వైపైతేనా'ను తీసుకుపోయి పదకొండు నోట్లో పెట్టాడు. 'అదేం భాగ్యమండీ' కూడా పెట్టాడు, 'చోద్యం కాకపోతే' కూడా పెట్టాడు. మూర్తి మెత్తగా అనే మాటల్నే పదకొండు పొగరుగా అనేవాడు. తను చేస్తున్నదేమిటో శ్రీపతికి తట్టనే లేదు. నిజం, తట్టలేదు.

అరవైతొమ్మిది వచ్చేసరికి ఊరి రంగు మారిపోయింది. పిల్లలు కాలేజీలు వదిలి రోడ్ల మీదికి వచ్చారు. మా ఉద్యోగాలు మాకు కావాలి, మా రాష్ట్రం మాకు కావాలి అన్నారు. నడివీధిలోనే అంత చర్చ జరుగుతుంటే మెట్లెక్కి చీటీలు రాసేదెవరు? వారం రోజులు పెట్టె ఖాళీగా ఉంది. రోజూ తాళం తీసి, లోపల చెయ్యిపెట్టి తడిమి, మళ్ళీ తాళం వేయడం శ్రీపతి వల్ల కాలేదు. పదకొండు చేత మళ్ళీ రాయించాడు.

'ఉద్యోగం చేతనైనవాడికి వస్తుంది. మీ పిల్లలు రోడ్ల మీద అరిచే బదులు నాలుగక్షరాలు నేర్చుకుంటే సరిపోను కదండీ. మా వైపైతేనా, నాలుగు తగిలించి బళ్ళో కూర్చోబెట్టేవాళ్ళం.'

ఎప్పటిలాగే అందరూ మీదపడి తిడతారు, గది నిండుతుంది అనుకున్నాడు. మూడోనాడు రాజనర్సు తమ్ముడి కొడుకు కిషన్‌కి ఊరేగింపులో లాఠీ దెబ్బ తగిలి మోకాలు చితికింది. పందొమ్మిదేళ్ళవాడు. దవాఖానలో వాణ్ణి చూసి వచ్చిన రాజనర్సు ఇంట్లో నిలవబుద్ధి కాక పైకి వచ్చాడు. గదిలో పదిమంది ఉన్నారు. పుస్తకం తెరిచి ఉంది. ఆ నాలుగు ముక్కలూ కళ్ళబడ్డాయి.

"ఎవడు వీడు?" అన్నాడు. అరవలేదు. అరిచినా బాగుండేది. "శ్రీపతీ, పిలగాడు ఆడ పండి మొత్తుకుంటున్నడు. నాలుగు తగిలియ్యాల్నంట! ఎవడు తమ్మీ వీడు? పేరు చెప్పు."

'నేనే' అనడానికి రెండక్షరాలు చాలు. అంటే ఏమవుతుంది? మన పిల్లల కాళ్ళు విరుగుతుంటే నువ్వు కూర్చుని ఆటలాడుతున్నావా అని ఈ మనిషే మొహాన ఉమ్మేస్తాడు. ఆరేళ్ళుగా రాసిన మూడువందల మందీ వెధవలమైపోయామనుకుంటారు. ఈ గది ఉండదు. అప్పుడు చేతికి అందివచ్చినట్టు ఆ పాత మాట గుర్తొచ్చింది.

"నేను చెప్పలేనన్నా. ఎవ్వరి నంబరు ఎవ్వరికి చెప్పనని మాటిచ్చిన గద."

ఎంత బాగా పనికొచ్చిందో చూడండి! అక్కడున్న పదిమందీ తలలాడించారు. మాట మీద నిలబడే మనిషన్నారు. శ్రీపతి ఆ మెప్పును మింగి, తల వంచుకుని కూర్చున్నాడు.

రాజనర్సు మాత్రం కదల్లేదు. వేలు పెట్టి మళ్ళీ చదివాడు. 'మా వైపైతేనా' దగ్గర వేలు ఆగింది. పాత పుస్తకాలు దింపి, పదకొండు కనిపించిన చోటల్లా చూశాడు. పేజీ పేజీకీ అదే మాట.

"గీ మాట నా ఇంట్లనే, పంపు కాడ, రోజు ఇంటున్న" అన్నాడు.

శ్రీపతి లేచి నిలబడ్డాడు. "అయ్యో కాదన్నా! మూర్తి సార్ కాదు!"

"కాకుంటే ఎవరో చెప్పు."

శ్రీపతి మళ్ళీ బెంచీ మీద కూర్చున్నాడు.

సరిగ్గా అప్పుడే మూర్తి ఎప్పటిలాగే చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. రాజనర్సు పుస్తకాన్ని ఆయన ముందుకి తోసి, "పదకొండు నువ్వేనా?" అని అడిగాడు. మూర్తి నిలబడే ఆ పేజీ చదివాడు. చదివి, కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నాడు. "నేను చెప్పేదేం లేదండీ" అన్నాడు. ఔననలేదు, కాదనలేదు. ఎంతమంది ఎన్నివిధాల గద్దించినా ఆ ఒక్క మాట తప్ప ఇంకో మాట రాలేదు.

పొద్దు గుంకేలోపల ఆయన సామాను రోడ్డు మీద పడింది. పరుపు చుట్ట, ట్రంకుపెట్టె, కిరసనాయిలు స్టవ్వు. పదేళ్ళు కూడబెట్టి కొనుక్కున్న పాత టైపు మిషను కూడా. దాన్ని ఎవరు విసిరారో తెలియదు, అక్షరాల కమ్ములు వంగిపోయి మురుగుకాలవ పక్కన పడి ఉంది. మూర్తి వంగి, దాని రిబ్బను వరకూ ఊడదీసుకుని జేబులో పెట్టుకున్నాడు. ఆ సంగతి తెలిసి ఇన్‌స్టిట్యూట్ యజమాని కూడా కొన్నాళ్ళు రావొద్దని కబురు పెట్టాడు. ఆయన రిక్షాలో కాచిగూడ వెళ్ళి ఒక లాడ్జిలో దిగాడు. శ్రీపతి ఇదంతా కిటికీలోంచి చూశాడు. కిందికి దిగలేదు.

ఇంట్లో కంచం ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు. ఏమైందని భార్య నళిని అడిగింది. ఆరేళ్ళుగా ఒక్కరికీ చెప్పనిదాన్ని శ్రీపతి ఆమెకు మొదటినుంచీ చెప్పుకొచ్చాడు. నళిని వింటూ వింటూ గరిటె కింద పెట్టేసింది.

"పేరు కనవడదని మీరు ధైర్నంగ రాసిన్రు" అంది చివరికి. "ఆయన పేరు గూడ యాడ లేకుండె గద? మరి ఆయనెట్ల దొరికిండు?"

శ్రీపతి కంచం పక్కకి జరిపాడు.

"నేనైతే గిట్ల ఇంట్ల కూసోలేను. పొద్దుగాల పోయి మీరు చెప్తరా, నన్ను చెప్పమంటరా?"

మర్నాడు ఆదివారం. గది కిటకిటలాడుతోంది. పదకొండు దొరికాడన్న మాట ఊరంతా పాకింది మరి. శ్రీపతి బల్ల దగ్గర నిలబడ్డాడు. "పదకొండో నంబరు నేనే. మొదటి నుంచి నేనే. మూర్తి సార్‌కు దీంతోని ఏం సంబంధం లేదు. నన్ను ఏమన్న అనున్రి" అనేశాడు.

రాజనర్సు ముందుకు వచ్చాడు. కొడతాడనుకుని శ్రీపతి కళ్ళు మూసుకున్నాడు. రాజనర్సు ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

"నీ దిల్ పెద్దది తమ్మీ" అన్నాడు. "గాయన్ను కాపాడనీకి నీ నెత్తిన ఏసుకుంటున్నవ్."

"కాదన్నా! ఒట్టేసి చెప్తున్న. నేనే రాసిన. చూడు, ఇది నా రాత గాదా?"

వెనక బెంచీలోంచి ఎవరో నవ్వారు. "అన్నీ నీ రాతే గద సార్! నేను రాసింది గూడ నీ రాతే."

శ్రీపతి పిచ్చివాడిలా జేబులోంచి డైరీ తీశాడు. పదకొండుకి ఎదురుగా పేరు లేదని, మూర్తి పేరు ఇరవైమూడు దగ్గర ఉందని చూపించాడు. ఆయనకి రెండో నంబరిచ్చి, దొరికిపోతాడని పేరు ఖాళీగా ఉంచావన్నారు. చీటీలు చూపిద్దామంటే ఆరేళ్ళ చీటీలూ పొయ్యిలో బూడిదయ్యాయి.

"నువ్వే అయితే, నిన్న నేనడిగినప్పుడే చెప్పకపోదువా?" అన్నాడు రాజనర్సు. "నువ్వు అబద్ధమాడే మనిషివి గాదు, నాకు తెల్వదా? సరే, నువ్వే అనుకుందాం. మరి గాయన ఎందుకు కాదనలే? పరువున్నోడు గా మాట ఊకె పడ్తడా?"

ఆ రోజు ఆ గదిలో శ్రీపతికి దక్కిన మర్యాద అంతకుముందు ఎన్నడూ దక్కలేదు. ఒక పెద్దమనిషి లేచి చెయ్యి కలిపి కూడా వెళ్ళాడు. ఆ చెయ్యి నరుక్కోవాలనిపించింది శ్రీపతికి.

ఎవరూ నమ్మకపోతే పోనీ, ఆ మనిషికైనా చెప్పాలి. కాచిగూడ లాడ్జికి పరుగెత్తాడు. గది ఖాళీ చేశారన్నారు. మధ్యాహ్నం బెజవాడ బండికని నాంపల్లి స్టేషనుకే వెళ్ళారన్నారు. మళ్ళీ రిక్షా ఎక్కి, ఎండలో పడి వచ్చేసరికి బండి ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉంది. మూడో పెట్టెలో కిటికీ పక్కన మూర్తి కనిపించాడు. ట్రంకుపెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"మీరా శ్రీపతిగారూ! ఇంత ఎండలో ఎందుకొచ్చారండీ" అన్నాడు ఆయన.

శ్రీపతికి రొప్పు ఆగలేదు. కిటికీ ఊచలు పట్టుకున్నాడు. "మీరెందుకు కాదనలే సార్? ఒక్క మాట కాదంటే అయిపోవు గద!"

"కాదంటే వాళ్ళు ఊరుకుంటారాండీ? ఇంకొకణ్ణి వెతుకుతారు. ఆ పదకొండాయన ఎవరో ఏమో, పెళ్ళాం బిడ్డలున్నవాడేమో. ఈ రోజుల్లో దొరికితే ఏమైపోతాడు? నేనంటే ఒంటివాణ్ణి. పెట్టె పట్టుకుని బయల్దేరితే సరిపోయింది."

ఆ పదకొండాయన కిటికీ ఇవతలే నిలబడి ఉన్నాడు.

"ఆయనకి నోటి దురుసు, ఒప్పుకుంటాను" అన్నాడు మూర్తి. "మొన్న రాసింది చాలా తప్పు. ఆ కుర్రాడి సంగతి విని నాకూ కడుపు తరుక్కుపోయింది. కానీ మనిషి చెడ్డవాడు కాదండీ. మూడేళ్ళ కిందట వాళ్ళమ్మగారు పోయారని రాశారు చూడండి. తంతి ఆలస్యంగా అంది, వెళ్ళేసరికి అంతా అయిపోయిందని. మా అమ్మ పోయినప్పుడు నాకూ అచ్చం అలాగే అయిందండీ. ఎవరితోనూ చెప్పుకోలేదు. ఆ రాత్రి కూర్చుని ఆయనకి నాలుగు కాగితాలు రాశాను. మీరే కదా ఎక్కించారు."

ఎక్కించాడు. శ్రీపతికి ఎందుకు గుర్తుండదు? అరవైఆరు వానాకాలం. చీటీలు తగ్గిపోయాయని, ఈసారి పదకొండు మీద జాలి పుట్టించి చూద్దామని, బల్ల దగ్గర కాలు మీద కాలు వేసుకుని ఆ తల్లిని చంపాడు. ఇరవైమూడో నంబరు నాలుగు కాగితాలూ ఎక్కిస్తూ, భలే పట్టిందని సంబరపడ్డాడు కూడా.

"ఆయన జవాబిచ్చారండీ. మీ మాటతో నా గుండెబరువు దిగింది అని" అన్నాడు మూర్తి. "ఈ ఊళ్ళో నాకంటూ ఒకడున్నాడనిపించింది. ఏ రోజైనా ఎదురుపడకపోతాడా అనే రోజూ మెట్లెక్కి వచ్చేవాణ్ణి. ఆయనెవరో మీకు తెలుసుగా. నేనేమీ అనుకోలేదని చెప్పండి."

గార్డు ఈల వేశాడు.

"సార్" అన్నాడు శ్రీపతి. "పదకొండు నేనే."

మూర్తి మెల్లగా నవ్వాడు. "మీరు మంచివారండీ. నన్ను ఓదార్చడానికి..."

"ఓదార్చనీకి గాదు సార్! తంతి లేదు, ఏం లేదు. అంత నేనే కల్పించిన. జనం రావాల్నని రాసిన. గుండెబరువు దిగిందన్నది గూడ నేనే రాసిన. మీరు మాట్లాడినట్టే మాట్లాడిచ్చిన సార్, మీ మాటలే దొంగిలిచ్చిన. అందుకే మిమ్మల్ని పట్టుకున్నరు." అంటుంటేనే ఆయనకి కళ్ళనీళ్ళు కారిపోయాయి. పక్కవాళ్ళు చూస్తున్నా తుడుచుకోలేదు.

మూర్తి నవ్వు ఆగిపోయింది. శ్రీపతి మొహంలోకి చాలాసేపు చూశాడు. నళిని కాక, ఊరంతటిలో ఆ మాట నమ్మిన మనిషి ఆయనొక్కడే.

బండి కుదుపుతో కదిలింది. శ్రీపతి ఊచలు వదలకుండా పక్కనే నడిచాడు.

"అయితే మీ అమ్మగారు..." అన్నాడు మూర్తి.

"ఇంట్ల ఉంది సార్. మంచిగనే ఉంది."

మూర్తి తల ఊపాడు. "పోనీలెండి" అన్నాడు. "మీ అమ్మగారైనా ఉన్నారు కదా."

ఎత్తిపొడుపేమోనని శ్రీపతి ఆ కళ్ళలో వెతికాడు. కాదు. ఆ మనిషి నిజంగానే ఆ తల్లి బతికి ఉన్నందుకు సంతోషించాడు. బండి వేగం అందుకుంది, ఊచలు చేతుల్లోంచి జారిపోయాయి. శ్రీపతి ప్లాట్‌ఫారం చివర కూలబడి, తల్లి పోయినవాడిలా ఏడ్చాడు.